ధ్యానానికి దొరికిన అక్షరం

ఉపాధ్యాయుడు మన నోట ఒజ్జ అయ్యాడు, సంధ్య సంజ అయింది. పాళీలోనూ అంతే, ధ్యానం ‘ఝాన’ అయింది. జపాన్ వారి బౌద్ధ ధ్యాన మార్గమైన ‘జెన్’ పేరు గుట్టు సగం ఈ జారుడులోనే ఉంది. మిగతా సగం చైనాలో, ఒక పాత అక్షరంలో ఉంది.

క్రీ.శ. 148 ప్రాంతంలో పార్థియా (నేటి ఇరాన్ ప్రాంతం) దేశీయుడైన అన్ షిగావ్ అనే భిక్షువు అప్పటి చైనా రాజధాని లువోయాంగ్ నగరానికి వచ్చి బౌద్ధ గ్రంథాలను అనువదించాడు. ఊపిరి మీద మనసు నిలిపే సాధన గురించినవీ వాటిలో ఉన్నాయి. బౌద్ధ అనువాదకులకు ఒక చిక్కు వచ్చింది. ‘ఝాన’ అన్న ధ్వనిని మనమైతే రెండు అక్షరాల్లో రాసేస్తాం. చైనా లిపిలో దాదాపు ప్రతి అక్షరానికీ ముందే ఒక అర్థం ఉంటుంది. ధ్వని కావాలంటే అర్థమున్న అక్షరాన్నే అరువు తెచ్చుకోవాలి. వారు తెచ్చుకున్న అక్షరాన్ని నేడు ‘చాన్’ అని చదువుతారు.

దానికి అంతకుముందున్న బతుకు వేరు. అప్పటి అర్థాల్లో దాన్ని ఇప్పటికీ ‘షాన్’ అనే చదువుతారు. తైషాన్ పర్వతం మీద చక్రవర్తి ఆకాశానికి చేసే అర్చన ‘ఫెంగ్’, దగ్గరలోని చిన్న గుట్ట మీద భూమికి చేసేది ‘షాన్’. (తైషాన్ చివర ఉన్న షాన్ అంటే కొండ, అది వేరే మాట.) క్రీ.పూ. 219లో చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్, క్రీ.పూ. 110లో హాన్ వంశపు వూ చక్రవర్తి ఈ క్రతువు చేశారు. రెండోసారి ఆస్థాన ఉద్యోగి సిమా తాన్‌కు వెళ్లే భాగ్యం దక్కలేదు. ఆ వ్యథతోనే తండ్రి కన్నుమూశాడని ఆయన కొడుకు, చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ఒక పూజ చూడలేకపోయినందుకు ప్రాణం పోయిందంటే, ఆ మాటకున్న బరువు ఎంతటిదో!

మరో అర్థం సింహాసనాన్ని యోగ్యుడికి అప్పగించడం. పురాణ కాలపు రాజు యావో కొడుకును కాదని షున్‌కు రాజ్యమిచ్చాడని చెబుతారు. ఆదర్శం గొప్పదే, ఆచరణ మాత్రం వేరు. 220లో హాన్ వంశపు చివరి చక్రవర్తి చేత త్సావ్ పీ గద్దెను తనకు ఇప్పించుకున్నాడు. పైకి మాత్రం తానే పలుమార్లు వద్దని, చివరికి ‘సరే’ అన్నాడు. 266లో అదే నాటకం త్సావ్ వంశానికే ఎదురైంది. ఈసారి ఇచ్చేవాడు త్సావ్ హువాన్, పుచ్చుకునేవాడు సిమా యాన్.

రాజ్యం వదిలిన సిద్ధార్థుడికి ఈ అక్షరం భలే కుదిరిందని అనిపించడం సహజం. నాకూ అనిపించింది. కానీ అనువాదకులకు కావలసింది ధ్వని, కథ కాదు.

చైనా నుంచి ఆ మాట కొరియాలో ‘సొన్’గా, వియత్నాంలో ‘థియెన్’గా, జపాన్‌లో ‘జెన్’గా స్థిరపడింది. చైనీయులు ధ్యానానికి ఒకటి, పాత అర్థాలకు ఒకటి, రెండు ఉచ్చారణలు ఉంచుకున్నారు. జపాన్‌లో ఆ తేడా కూడా లేదు. ప్రధాని తన కుర్చీని తనకు నచ్చిన వారసుడికి అప్పగిస్తే అక్కడి పత్రికలు నేటికీ ‘జెంజో’ అంటాయి. అందులో మొదటి అక్షరం ధ్యానమందిరంలో వినిపించే జెన్ అక్షరమే.