పాత ఫోటోల్లో యుద్ధకాలపు లారీలు: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలో ఉన్న లారీ ఏదో తేల్చేటప్పుడు ముందు బోల్టులతో బిగించినవి చూడాలి, రంగు పూసి మార్చగలిగినవి ఆఖర్న చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కింది అపోహల్లో సగం అక్కడే పుట్టాయి.

అపోహ: తెల్ల నక్షత్రం ఉంటే అది అమెరికన్ బండి.

కాదు. 1944లో నార్మండీలో దిగిన బ్రిటిష్, కెనడియన్ బళ్ల మీదా అదే నక్షత్రం ఉంది. అప్పటికి అది మిత్రపక్షాలన్నిటి ఉమ్మడి గుర్తు. తయారుచేసిన దేశం ఒకటి, వాడిన సైన్యం మరొకటి కావడం కూడా మామూలే. అమెరికాలో తయారైన స్టూడిబేకర్ యూఎస్6 లారీల్లో అత్యధికం సోవియట్ సైన్యానికి వెళ్లాయి. 1940లో డంకర్క్ నుంచి వెనుదిరిగినప్పుడు బ్రిటిష్ సైన్యం ఫ్రాన్స్‌లో సుమారు 64,000 వాహనాలు వదిలేసింది. నడిచే స్థితిలో దొరికినవాటికి జర్మన్లు తమ సైన్యపు ‘డబ్ల్యూహెచ్’ నంబరు ప్లేట్లు తగిలించి వాడుకున్నారు. ప్లేటు చూస్తే నడిపిందెవరో తెలుస్తుంది, తయారుచేసిందెవరో తెలియదు.

అపోహ: ముందు గ్రిల్లు చూస్తే చాలు.

గ్రిల్లు సొట్టలు పడుతుంది, నీడలో పడుతుంది, టార్పాలిన్ కింద దాక్కుంటుంది. చక్రాలు అలా దాక్కోవు. అమెరికన్ రెండున్నర టన్నుల లారీకి వెనక జంట టైర్లుంటాయి. కెనడాలో ఫోర్డ్, షెవర్లే కలిసి తయారుచేసిన సీఎంపీ (కెనడియన్ మిలిటరీ ప్యాటర్న్) 3 టన్నుల బండికి వెనక కూడా పక్కకొక్కటే, 10.50-20 సైజు పెద్ద టైరు.

అమెరికన్ రెండున్నర టన్నుల లారీల్లో ఒకటైన, మూడు యాక్సిల్స్ ఉన్న జీఎంసీ సీసీకేడబ్ల్యూలో పొట్టి రకం (352), పొడుగు రకం (353) ఉన్నాయి. వీల్‌బేస్ మొదటిదానికి 145 అంగుళాలు, రెండోదానికి 164. ఫోటోలో స్కేలు ఉండదు కాబట్టి టైరునే స్కేలు చేసుకోండి. ఈ లారీకి వేసే 7.50-20 టైరు ఎత్తు సుమారు 36 అంగుళాలు. ముందు చక్రం మధ్య నుంచి వెనక రెండు యాక్సిల్స్ నడిమి వరకు కొలవండి. నాలుగు టైర్ల పొడవు వస్తే పొట్టిది, నాలుగున్నర వస్తే పొడుగుది. చక్రం గుండ్రంగా కనబడితేనే ఈ లెక్క నమ్మండి. కోడిగుడ్డులా కనబడితే కెమెరా ఏటవాలుగా ఉన్నట్టు, పొడవు కుదించుకుపోయినట్టు. అప్పుడు స్టెప్నీ చూడండి. సామాన్ల బాడీ ఉన్న పొట్టి రకానికి అది క్యాబ్ వెనక నిలబెట్టి ఉంటుంది.

కెనడా బళ్లకు క్యాబే వయసు చెబుతుంది. 1940 తర్వాత వచ్చిన 13వ నంబరు క్యాబ్‌లో ముందు అద్దం పైభాగం ముందుకు, అడుగు లోపలికి వాలి ఉంటుంది. అద్దం తళుకు విమానాల కంట పడకూడదని అలా చేశారు. అలాంటి అద్దమున్న ఫోటో కింద 1940 అని రాసి ఉంటే ఆ రాతే తప్పు.

అపోహ: ఒక్కటే హెడ్‌లైటు ఉంటే రెండోది విరిగిపోయినట్టు.

1942లో వచ్చిన సోవియట్ జిస్-5వీ లారీని ఫ్యాక్టరీయే అలా పంపింది. ఇనుము కరువులో చెక్క క్యాబ్, రేకు వంచి చేసిన మడ్‌గార్డులు, ఎడమవైపు ఒకే లైటు. ముందు బ్రేకులు కూడా తీసేశారు! జీఎంసీ లారీకి గుడ్డ టాపు కనబడితే ఇనప టాపు ఊడిందనుకోవద్దు. యుద్ధం మధ్యలో ఓపెన్ క్యాబ్‌కు మారారు.

అపోహ: నలుపు-తెలుపు ఫోటోలో రంగు పోల్చవచ్చు.

అప్పట్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ అనే రకం ఫిల్ముకు ఎరుపు కనబడదు, నల్లగా పడుతుంది. నీలం వెలిసినట్టు పడుతుంది. షేడు చూసి రంగు చెప్పేవాళ్లని నమ్మకండి.

అపోహ: స్టీరింగు ఏ పక్కనుంటే ఆ దేశపుది.

ముందు నెగెటివ్ తిరగబడలేదని తేల్చుకోండి, తిరగబడితే కుడి ఎడమలు మారిపోతాయి. అక్షరాలేవీ లేకపోతే మనుషుల చొక్కాలు చూడండి. మగవాళ్ల చొక్కాకు వేసుకున్నవాడి ఎడమ అంచు పైన ఉండాలి.

అపోహ: బానెట్ మీది నంబరు వట్టి వరుస సంఖ్య.

నంబరు ముందుండే అక్షరం బండి రకం చెబుతుంది. బ్రిటిష్ లెక్కలో ‘జెడ్’ అంటే టన్ను లోపు మోసే ట్రక్కు, ‘ఎల్’ అంటే అంతకు పైబడిన లారీ (లెర్నర్ కాదు), ‘ఎం’ అంటే కారు. ముందు ‘సీ’ చేరి ‘సీజెడ్’, ‘సీఎల్’ అని ఉంటే కెనడా సైన్యానిది.

అపోహ: బండి 1942 మోడల్ కాబట్టి ఫోటో కూడా 1942దే.

బండి చెప్పేది ‘అంతకు ముందుది కాదు’ అని మాత్రమే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద పోలీసు చర్యకు వచ్చిన భారత సైన్యం వాడినవీ యుద్ధం మిగిల్చిన బళ్లే. అందుకే ఇంట్లో దొరికిన ఫోటో యుద్ధకాలపు బర్మాదా, పోలీసు చర్య నాటిదా అన్నది లారీ ఒక్కటే తేల్చలేదు. యూనిఫాం బ్యాడ్జీలు కూడా చూడాలి. భారత సైన్యపు శక్తిమాన్ లారీ కనబడితే మాత్రం తర్జనభర్జన అక్కర్లేదు, అది 1950ల చివర్లో గానీ రాలేదు.

అపోహ: ఏఐతో పదును పెడితే వివరాలు బయటపడతాయి.

అది గ్రిల్లు కడ్డీలను ఊహించి గీస్తుంది. లెక్కపెట్టేది ఆ కడ్డీలనే కదా! సైన్యంలో చేరేవాళ్లకు పేరుపడ్డ మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటింటా ఉండే అరచేతి సైజు ప్రింటును 1200 డీపీఐలో టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. ఆల్బంకి అంటుకుపోయి ఉంటే పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. విడిగా ఉంటే వెనక వైపు కూడా చేయాలి, స్టూడియో ముద్ర, సెన్సారు ముద్ర, పెన్సిల్ రాత ఉండేది అక్కడే.