మల్టీటాస్కింగ్ మీద నమ్మకాలు, రంగుల అక్షరాల మీద భయాలు

అపోహ: "అలవాటైపోయింది సార్, రెండు పనులూ ఒకేసారి లాగించేస్తా."

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజూ వినపడే మాట ఇది. లాగించడం లేదు, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతున్నారు. గెంతిన ప్రతిసారీ కాస్త టైమ్ పోతుంది. నమ్మకపోతే కాగితం తీయండి. రెండంకెల సంఖ్యలు ఇరవయ్యేసి చొప్పున మూడు వరసలు రాయండి. మొదటి వరసలో అన్నిటికీ 3 కలపండి, రెండో వరసలో అన్నిట్లోంచీ 3 తీసేయండి, మూడో వరసలో ఒకదానికి కలుపుతూ, తర్వాతిదాంట్లో తీసేస్తూ పోండి. స్టాప్‌వాచ్ పెట్టుకోండి. మొదటి రెండింటి సగటు కన్నా మూడోదానికి ఎంత ఎక్కువ పడితే అదీ మీ మార్పిడి ఖర్చు. మూడు వరసల్లోనూ సంఖ్యలు వేరుగా ఉండాలి, లేకపోతే జవాబులు గుర్తుండిపోతాయి. మూడోదాన్ని చివరికి పెట్టకండి. అప్పటికి చెయ్యి తిరిగి ఖర్చు తక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు కొత్త సంఖ్యల పక్కన ప్లస్, మైనస్ గుర్తులు వేసి చేయండి. తేడా బాగా తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు స్పెక్టర్, బీడర్‌మన్ 1976లో చూపించింది ఇదే: ఏం చేయాలో కాగితమే చెబితే బుర్రకు ఆ బరువు తప్పుతుంది. అందుకే కాల్ ఎత్తే ముందు, చేస్తున్న పనిలో తర్వాతి అడుగేంటో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి.

సాధనతో, ముందే సిద్ధపడటంతో ఖర్చు తగ్గుతుంది, పూర్తిగా పోతుందనుకోకండి. రోజర్స్, మాన్సెల్ 1995లో పని ఎప్పుడు మారుతుందో ముందే తెలిసేలా పెట్టి, సిద్ధం కావడానికి సెకనుకు పైగా గడువిచ్చినా కొంత ఖర్చు మిగిలింది.

అపోహ: "బ్లూటూత్ ఉంది, చేతులు ఖాళీయే కదా."

ఓఆర్‌ఆర్ ఎక్కేవాళ్లు ఇది వినాలి. స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001 ప్రయోగంలో, ఫోన్‌లో మాట్లాడుతూ సిగ్నల్ చూడకుండా వదిలేయడం రెట్టింపైంది. ఫోన్ చేతిలో ఉన్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా అంతే. రేడియో విన్నవాళ్లకు అలా కాలేదు. అడ్డొచ్చేది మాట.

అపోహ: "పాపకి 'అ' ఎర్రగా, 'క' నీలంగా అనిపిస్తాయట, మెదడుకేమైనా అయిందా?"

ఏమీ కాలేదమ్మా. దీన్ని సినస్థీషియా అంటారు, అంటే అక్షరం చూస్తే రంగు తోచినట్టు ఒక అనుభూతితో పాటు ఇంకోటి దానంతటదే కలగడం. ఇది జబ్బు కాదు. జూలియా సిమ్నర్ బృందం 2006 లెక్కలో ఏదో ఒక రకం సినస్థీషియా నూటికి నలుగురికి పైగా ఉంది. చూడాలనుకుంటే అక్షరాలన్నిటికీ రంగులు అడిగి రాసుకోండి. చెప్పకుండా రెండు నెలల తర్వాత, వరస మార్చి మళ్లీ అడగండి. చాలావరకు అవే రంగులు వస్తే నిజం. "ఇది ఎరుపు కదూ?" అని అందించకండి. ఇలాంటివాళ్లందరూ కళాకారులవుతారన్నదీ ఉత్తి మాటే.

పెద్దయ్యాక, తలనొప్పితోనో దెబ్బ తగిలాకనో ఉన్నట్టుండి మొదలైతే మాత్రం న్యూరాలజిస్టుకి చూపించండి.