రికార్డు గాడిలో మురికి బయటికి రావాలంటే

పాత గ్రామఫోన్ రికార్డును అట్ట కవరులోంచి తీయగానే చాలామంది నోటితో ఉఫ్‌మని ఊదుతారు. దుమ్ము పోకపోతే చొక్కా అంచుతో గుండ్రంగా తుడుస్తారు. రెండూ చేయకూడని పనులే. ఊదితే ఉమ్మి తుంపర్లు పాట చెక్కిన సన్నటి గాడిలో పడి ఎండిపోతాయి. పొడిగుడ్డతో రుద్దితే రికార్డు ఇంకాస్త దుమ్మును లాక్కుంటుంది.

ఎల్పీ, అంటే ఎక్కువసేపు మోగే రికార్డు, పీవీసీ (వినైల్) రకం ప్లాస్టిక్‌తో చేసింది. రాపిడి జరిగినప్పుడు అవతలి వస్తువు నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవడంలో ఈ ప్లాస్టిక్ ముందుంటుంది. పైగా దానిలోంచి కరెంటు పారదు కాబట్టి, వచ్చిన విద్యుదావేశం ఎటూ పోలేక పైనే ఉండిపోతుంది. కాగితం కవరులోంచి ఒకసారి బయటికి లాగినా చాలు, గాల్లో తేలే నూగంతా వచ్చి అతుక్కుంటుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల తేమ వల్ల ఇది కొంత తగ్గుతుంది గానీ, దాని బదులు బూజు పడుతుంది. బూజుకు కావలసిన తిండి వేలిముద్రల జిడ్డులో, కవరు కాగితంలో ఉంటుంది. ఇక వంటింటి తాలింపు ఆవిరి, అగరుబత్తి పొగ మన ఇళ్లలో మామూలే. ఆ జిడ్డు మీద దుమ్ము పడితే బ్రష్షుకు కూడా కదలదు.

ఇంత సన్నటి దుమ్ముకు గాడిలో నడిచే ముల్లు ఎందుకు టప్‌మంటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎల్పీ గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒక వైపు 20 నిమిషాలు మోగే రికార్డు నిమిషానికి 33⅓ చొప్పున దాదాపు 667 చుట్లు తిరుగుతుంది. ఆ గాడిని సాగదీసి కొలవగలిగితే 400 మీటర్లు దాటవచ్చు. మధ్యలోని లేబుల్ దగ్గరికి వచ్చేసరికి చుట్టు చిన్నదై, 10,000 హెర్ట్జ్ (సెకనుకు పదివేల కంపనాల) శబ్దపు ఒక్కో అల 20 మైక్రాన్ల పొడవుకు కుదించుకుపోతుంది. దుమ్ము రేణువు అంతకంటే పెద్దదే కావచ్చు. ముల్లు గాడి మీద మోపే బరువు రెండు గ్రాములకు మించకపోయినా, అది ఆనే చోటు అతి చిన్నది కాబట్టి ఒత్తిడి చాలా ఎక్కువ. గాడిలో ఇసుక రేణువు ఉంటే ప్లాస్టిక్ గోడలోకి దిగబడుతుంది. ఆ దెబ్బ మళ్లీ మానదు. అందుకే పాత రికార్డు కొన్నాక ముందు కడిగి, తర్వాతే వినాలి. 'ఒకసారి విని చూద్దాం, బాగుంటే కడుగుదాం' అనుకుంటేనే నష్టం.

కడిగేముందు అది ఏ రికార్డో చూడాలి. ఇది అన్నింటికంటే ముఖ్యం. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లోనే వినైల్ ఎల్పీ తెచ్చినా, మన దేశంలో 1960ల్లో కూడా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం '78' రికార్డులు అచ్చయ్యాయి. అందుకే తాతల కాలం నాటి ట్రంకుపెట్టెలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. బరువుగా ఉండి, కింద పడితే పెంకులా పగిలేది 78. దానిలో రాతిపొడిని పట్టి ఉంచేది లక్క. ఏటికొప్పాక లక్కపిడతలకు రంగుతో పూసేదీ, హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసేదీ ఈ లక్కే. చెట్టు కొమ్మల మీద బతికే చిన్న పురుగు దాన్ని స్రవిస్తుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, వడ్రంగులు చెక్కకు వేసే స్పిరిట్ పాలిష్ అదే. కాబట్టి 78 మీద స్పిరిట్, శానిటైజర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఏదీ పడకూడదు. కోవిడ్ నాటి శానిటైజర్ సీసా ఇంకా అల్మారాలో ఉంటే ఆ పక్కకే పోకండి. 78ని నీళ్లలో నానబెట్టకూడదు కూడా, లోపలి పొడి తేమ పీలుస్తుంది. తడిపి, తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. ఎల్పీకి ఇంత భయం లేదు. పలచటి ఆల్కహాల్ కొంచెం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు, నా మటుకు మామూలు మురికికి అది అనవసరం.

నీళ్ల విషయంలోనే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. బకెట్టు అంచున తెల్లగా పేరుకునేది అదే. నీళ్లు ఆరాక ఆ తెలుపు గాడిలో మిగిలిపోతుంది. ఆర్వో నీళ్లు కొంత మెరుగే గానీ వాటిలోనూ లవణాలు మిగులుతాయి. ఏసీ కింద పట్టిన నీళ్లలో కాయిల్ మీది దుమ్ము, బూజు ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ చవక, సులువుగా దొరుకుతుంది. కొనేటప్పుడు అది నీళ్లా, యాసిడా అని లేబుల్ మాత్రం చదవండి.

శుద్ధమైన నీళ్లు ఒక్కటే చాలవు. నీటికి తలతన్యత, అంటే బొట్టుగా ముడుచుకునే గుణం, ఎక్కువ. ప్లాస్టిక్ మీద పోస్తే తామరాకు మీద బొట్టులా ముద్ద కడుతుంది తప్ప సన్నటి గాడి అడుగుకు చేరదు. లీటరుకు రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే తలతన్యత బాగా పడిపోయి నీళ్లు పరుచుకుంటాయి, జిడ్డు కూడా వదులుతుంది. రంగు, వాసన లేనిదైతే మంచిది. పూర్వం ఫొటో స్టూడియోల డార్క్‌రూముల్లో నెగెటివ్ మీద నీటి మచ్చలు పడకుండా వాడిన వెట్టింగ్ ఏజెంటు (నీళ్లు పరుచుకునేలా చేసే ద్రవం) పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద.

లేబుల్ కాగితం తడవకుండా ఈ నీళ్లు వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి తిరిగిన వైపే రుద్దండి. అడ్డంగా వద్దు. వేడినీళ్లు అసలొద్దు, రికార్డు వంగిపోతుంది. ఇక్కడిదాకా దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. తర్వాత అలాగే ఆరనిస్తారు, పని చెడేది అప్పుడే. మురికి వదిలింది, కానీ ఎక్కడికీ పోలేదు, నీళ్లలో తేలుతోంది. నీళ్లు ఆవిరైతే అదంతా సబ్బుతో సహా గాడి అడుగున మళ్లీ పరుచుకుంటుంది. కడిగాక చరచర ఎక్కువైందని కొందరు అనేది ఇందుకే. మురికినీళ్లు తడిగా ఉండగానే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీసేయాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తడిపి, ఇంకో శుభ్రమైన గుడ్డతో అద్దాలి. ఖరీదైన మిషన్లలో వ్యాక్యూమ్ ఉండేది కూడా నీళ్లను అక్కడ ఆరనివ్వకుండా పీల్చేయడానికే.

ఫెవికాల్ లాంటి జిగురు పూసి, ఎండాక పొరలా ఊడదీసే పద్ధతి ఒకటుంది. ఎల్పీ మీద అది పనిచేస్తుంది, చూడ్డానికి సరదాగానూ ఉంటుంది. కానీ పొర మధ్యలో చిరిగితే ముక్కలు గాడిలో ఇరుక్కుంటాయి. 78 మీద మాత్రం ప్రయత్నించకండి.

ఆరిన తర్వాత కూడా టప్ టప్ వినిపిస్తే గడియారం చూడండి. ఎల్పీలో ఆ చప్పుడు సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తోందంటే ప్రతి చుట్టులో అదే చోట తగులుతోంది, అంటే అది గీత. ఎంత కడిగినా పోదు. అడ్డదిడ్డంగా వస్తుంటే మురికి ఇంకా ఉందన్నమాట, ఇంకోసారి కడగొచ్చు. ఏదేమైనా, ముల్లు కొనకు దుమ్ము పట్టిందేమో ముందు చూసుకోండి, దాన్ని వెనక నుంచి ముందుకే తుడవాలి. కడిగిన రికార్డును పాత కాగితం కవరులో పెడితే పాత దుమ్మే మళ్లీ అంటుకుంటుంది. మెత్తటి పీవీసీ కవర్లూ మంచివి కావు, వాటిలోని ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) ఏళ్ల తరబడి రికార్డులోకి దిగి మసక వేస్తుంది. పాలిథీన్ కవరు వేసి నిలబెట్టి ఉంచితే సరిపోతుంది.