ఆటోమేటిక్ వాచీ కొంటామన్న మనుమలకు

కాజీపేట

బిడ్డలారా,

ఇక్కడ అందరం క్షేమం. మీ నానమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది, మీరు వస్తే సకినాలు చేస్తానంటోంది.

మొన్న ఇద్దరూ కలిసి ఫోన్ చేశారు కదా, జీతాలు వచ్చాయి, ముప్పై వేలలోపు జపాన్ ఆటోమేటిక్ వాచీలు కొంటాం, ఏవి తీసుకోవాలో చెప్పు తాతా అని. ఫోన్లో చెబితే సగం సిగ్నల్ మింగేస్తుంది, మిగతా సగం మీరు మర్చిపోతారు. అందుకే కాగితం పట్టాను. అసలు మాట ముందే చెప్పేస్తా. డయల్ రంగు తర్వాత చూసుకోవచ్చు. పదేళ్ల తర్వాత పాడైనా హన్మకొండ చౌరస్తాలో కూర్చున్న మామూలు మెకానిక్ మూత తీసి బాగు చేయగలిగే వాచీ కొనండి. జపాన్ వాళ్ల పెద్ద గొప్పతనం నాకు అందులోనే కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ వాళ్లు గొప్ప వాచీలు చేస్తారు, కాదనను. కానీ కూలి చేసుకునేవాడి చేతికి కూడా మంచి ఆటోమేటిక్ అందించింది మాత్రం జపాన్ వాళ్లే.

మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఇళ్లలో జపాన్ వాళ్ల సీకో 5 ఆటోమేటిక్ వాచీ అంటే కొత్త పేరు కాదు. దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పోయినవాళ్లు సెలవు మీద వస్తే సూట్‌కేసులో టేప్ రికార్డరు, సెంటు సీసా, టైగర్ బామ్, చేతికి సీకో. మీ జగిత్యాల తాత తెచ్చింది ఇప్పటికీ బీరువాలో ఉంది, చేతికి పెట్టుకుని నాలుగు అడుగులు వేస్తే నడుస్తుంది. సెల్లు, అంటే బ్యాటరీ, అక్కర్లేదు, రోజూ కీ ఇచ్చే పని లేదు. ఎడారిలో సిమెంటు పని చేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ సీకో 5 వచ్చింది 1963లో. ఐదు అంటే ఐదు హామీలు: తనంతట తాను కీ ఎక్కించుకోవడం, తేదీ వారం ఒకే కిటికీలో కనబడటం, నీటికి తట్టుకోవడం, కీ బయటికి పొడుచుకు రాకుండా నాలుగు గంటల దగ్గర ఒదిగి ఉండటం, గట్టి కేసూ గట్టి చైనూ. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఈ ఐదూ ఒకే వాచీలో, మామూలు మనిషి కొనగలిగే ధరకు ఇవ్వడమే పెద్ద విషయం.

తనంతట తాను కీ ఎక్కడం అంటే ఏమిటో మెకానిక్ దగ్గర కూర్చుని చూస్తేనే అర్థమవుతుంది. నేను చూశాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, వెనక మూత తిప్పి తీశాడు. పైనే అర్ధచంద్రంలా ఒక బరువైన రేకు, అదే రోటర్. మధ్యలో ఒక్క స్క్రూ మీద తిరుగుతుంది. చెయ్యి ఊగిన ప్రతిసారీ బరువు కిందికి జారుతూ అదీ తిరుగుతుంది. రోటర్ ఎత్తి పక్కన పెట్టి, సన్నని చిమటా మొనతో లోపల రెండు కొమ్ముల చిన్న లీవరు ఒకటి చూపించాడు. దాన్ని మ్యాజిక్ లీవర్ అంటారు, సీకో వాళ్లు 1959లో తెచ్చారు. పళ్ల చక్రాన్ని ఒక కొమ్ము లాగుతుంది, రెండోది నెడుతుంది. రోటర్ కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా ఆ చక్రం మాత్రం ఒకే దిక్కుకు కదులుతుంది, లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఇదే పనికి వేరేవాళ్లు ఎన్నో చక్రాలు పెట్టేవాళ్లు. భాగాలు తక్కువైతే ఖర్చు తక్కువ, పాడయ్యేవీ తక్కువ. పొదుపు, తెలివి రెండూ అంత చిన్న రేకుముక్కలో పట్టించారు చూడండి. నాకు కంపెనీ పేరు కంటే ఆ లీవరంటేనే గౌరవం.

ఆ బిగుసుకున్న స్ప్రింగు విప్పుకుంటూ చక్రాలను నడుపుతుంది. చివర్లో బ్యాలెన్స్ చక్రం ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆ వేగాన్ని అదుపులో పెడుతుంది. మీ ధరలో వచ్చే సీకో, సిటిజన్, ఓరియెంట్ అనే మూడు జపాన్ కంపెనీల మిషన్లు ఎక్కువగా గంటకు 21,600 దెబ్బలు కొడతాయి, అంటే సెకనుకు ఆరు. చెవి దగ్గర పెట్టుకుని వినండి. పూర్తిగా కీ ఎక్కి ఉంటే పక్కన పెట్టినా సుమారు నలభై గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున ఆగిపోయి ఉంటుంది. ఆగితే పాడైనట్టు కాదు, టెన్షన్ పడకండి.

టైము సంగతి. నేను గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పేరు పెరిగింది, పని అదే. పెద్దపల్లి ఎన్నింటికి దాటాం, రామగుండంలో ఎంతసేపు ఆపారు, అన్నీ నిమిషాలతో రాసుకోవాలి. కాబట్టి టైము విలువ నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా చెబుతున్నా, ఆటోమేటిక్ కొని సెకన్లు లెక్కపెట్టకండి. సీకో 5లో ఇప్పుడు వచ్చే 4ఆర్36 మిషన్ రోజుకు 45 సెకన్లు ముందుకీ, 35 సెకన్లు వెనక్కీ పోవచ్చని కంపెనీయే రాసి ఇస్తుంది. నడకలో చాలావరకు అంతకంటే బాగానే ఉంటాయి. రోజుకు 86,400 సెకన్లు. అందులో 20 తేడా వచ్చిందంటే 4,320కి ఒకటి. స్ప్రింగు, చక్రాలతో నడిచే ఇంత చిన్న యంత్రానికి అది తప్పు కాదు. వారానికోసారి ఫోన్ చూసి ముల్లు సరిచేసుకోండి. రోజుకు ఒక్క సెకను కూడా తేడా రాకూడదంటే సెల్లు వాచీ కొనుక్కోండి, డబ్బులు కూడా మిగులుతాయి.

తమాషా ఏమిటంటే క్వార్ట్జ్ అనే స్ఫటికం సాయంతో నడిచే ఆ సెల్లు వాచీని మొదట బజారుకు తెచ్చిందీ సీకోనే. 1969 డిసెంబర్ 25న క్వార్ట్జ్ ఆస్ట్రాన్ అని వదిలారు, ధర 4,50,000 యెన్లు, అప్పట్లో జపాన్‌లో ఓ చిన్న కారు ధర. తర్వాత పదేళ్లకు క్వార్ట్జ్ ఎంత చవకైందంటే స్విట్జర్లాండ్‌లో బోలెడు వాచీ ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. అదే సీకో మాత్రం మన గల్ఫ్ కూలీల చేతికొచ్చే ఆటోమేటిక్‌ను ఆపలేదు.

సీకో కథ మొదలైంది 1881లో. టోక్యోలో హట్టోరి కింటారో అనే కుర్రాడు, మీ వయసువాడే, గడియారాల దుకాణం పెట్టాడు. 1892లో ఫ్యాక్టరీ పెట్టి గోడ గడియారాలు చేశాడు, 1913లో జపాన్‌లో మొదటి చేతి గడియారం ఆయన ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. 1929లో వాళ్ల జేబు గడియారాన్ని జపాన్ రైల్వే అధికారికంగా తీసుకుంది. రైల్వేవాణ్ణి కదా, నాకు అది గుర్తుండిపోయింది.

సిటిజన్ మనకు దగ్గరి చుట్టం. మీ నాన్న పదో తరగతి పాసైనప్పుడు కొనిచ్చిన హెచ్‌ఎంటి గుర్తుందా? హెచ్‌ఎంటి వాళ్లు 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది సిటిజన్ సాయంతోనే. హెచ్‌ఎంటిలు విప్పి విప్పి చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌లకు సిటిజన్ అందుకే కొత్తగా అనిపించదు. సిటిజన్ ఆటోమేటిక్‌లలో ఎక్కువగా ఉండేది 8200 రకం మిషన్. మొండిది. రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే కీ ఎక్కుతుంది, రెండోవైపు ఊరికే గిర్రున తిరుగుతుంది. చెయ్యి విదిలిస్తే గరగర వినబడుతుంది. కొత్తలో ఏదో ఊడిందనుకుని షాపుకు పరిగెత్తకండి.

మూడోది ఓరియెంట్. 1950లో పుట్టిన కంపెనీ, ఇప్పుడు సీకో ఎప్సన్ గొడుగు కిందే ఉంది. పేరు మన దగ్గర తక్కువ వినబడుతుంది. పేరుకు పెట్టే డబ్బు మిషన్‌కు పెట్టే కంపెనీ అని నా అభిప్రాయం.

ఇక మీ చేతుల సంగతి. ఒక దారం తీసుకుని మణికట్టు చుట్టూ చుట్టి స్కేలు మీద కొలవండి. 16 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి 42 మిల్లీమీటర్ల వాచీ పెడితే తాంబాళం కట్టినట్టు ఉంటుంది. వాచీ వెడల్పు ఒక్కటే చూస్తే సరిపోదు, బెల్టు తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఎంతుందో అడగండి. అది మణికట్టు అంచులు దాటకూడదు. అమ్మాయీ, నిన్ను లేడీస్ వాచీల అరలోకి తీసుకెళ్తే అక్కడ ఎక్కువగా సెల్లు వాచీలే చూపిస్తారు. నువ్వు నేరుగా 36, 38 మిల్లీమీటర్ల ఆటోమేటిక్‌లు అడుగు. సీకో 5లోనూ ఉన్నాయి, ఓరియెంట్ బాంబినోలో చిన్న సైజూ ఉంది. ఆఫీసుకు చీర మీదకైనా డ్రెస్సు మీదకైనా బాంబినో అందంగా ఉంటుంది, ఉబ్బెత్తు అద్దం, పాతకాలపు ముఖం. కాకపోతే తోలు బెల్టుతో వస్తుంది, నీటికి 30 మీటర్లే.

ఆ 30 మీటర్లను నమ్మి మునగకండి. కదలని నీటి ఒత్తిడి మీద చేసిన పరీక్ష లెక్క అది, 30 మీటర్ల లోతుకు పోవచ్చని కాదు. 30 అంటే చేతులు కడుక్కుంటే, చినుకులు పడితే ఏం కాదు, అంతే. వ్యవసాయ బావిలో ఈతకైనా, మేడారంలో జంపన్నవాగు స్నానానికైనా కనీసం 100 ఉండాలి. చిన్నోడా, నువ్వు నీళ్లు కనబడితే ఆగవు. నీకు 200 మీటర్లది, కీ స్క్రూలాగా తిప్పి బిగించుకునేది కావాలి. ఓరియెంట్ కమాసు చూడు, అద్దం కూడా సఫైర్. సఫైర్ మీద మామూలుగా గీతలు పడవు. సీకో హార్డ్‌లెక్స్ అని తన గాజు వాడుతుంది, దెబ్బకు ఆగుతుంది గానీ గీతలు పడతాయి. బైకు మీద తిరిగేవాడికి, గోడలకు చెయ్యి రాసుకునేవాడికి సఫైరే మేలు. సిటిజన్ త్సుయోసాలోనూ సఫైరే, చైను బాగుంటుంది, కానీ నీటికి 50 మీటర్లే.

మన ఎండలకు తోలు బెల్టు ఒక్క వేసవి చాలు, చెమటకు వాసన పట్టేస్తుంది. ఏప్రిల్, మేలో స్టీలు చైనో రబ్బరు బెల్టో వేసుకుని, తోలు చలికాలానికి దాచుకోండి. కొమ్ముల మధ్య 20 లేదా 22 మిల్లీమీటర్లు ఉన్న వాచీకి బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది, 19, 21 ఉంటే వెతుక్కోవాలి.

మిషన్ పేరు మాత్రం తప్పకుండా అడగండి. ఎన్‌హెచ్35 అనే మిషన్‌ను సీకో వాళ్లే బయటి కంపెనీలకు అమ్ముతారు, ఎన్నో చిన్న బ్రాండ్ల వాచీల్లో అదే ఉంటుంది. సీకో 5లో ఉండే 4ఆర్36కి అది తోబుట్టువు. అంత ఎక్కువగా తయారయ్యే మిషన్‌కు విడిభాగాలకు కరువుండదు, మరీ పాడైతే మొత్తం మిషనే మార్చేయొచ్చు. నేను మొదట చెప్పిన లెక్క ఇదే. పేరు తెలియని మిషన్‌తో పెద్ద డబ్బా హంగులు పెట్టి అమ్మేవి వద్దు.

ఆన్‌లైన్‌లో రెండు, మూడు వేలకే పాత సీకో 5లు మెరిసిపోతూ కనబడతాయి. కొత్త ఆరెంజ్ డయల్, కొత్త ముళ్లు, చూస్తే ఆశ పుడుతుంది. వాటిని వాచీల పిచ్చి ఉన్నవాళ్లు ముంబై స్పెషల్ అంటారు. ఎక్కడెక్కడి భాగాలో కలిపి, డయల్‌కు మళ్లీ రంగేసి అమ్ముతారు. కనిపెట్టడం కష్టం కాదు. డయల్ అడుగున సన్నగా ఉండే నంబరులో మొదటి నాలుగూ వెనక మూత మీది నంబరులో మొదటి నాలుగుతో కలుస్తున్నాయా చూడాలి. అక్షరాలు మొద్దుగా, పక్కకు పోయి ఉంటే రంగేసినట్టే. మీ జగిత్యాల తాత వాచీ వెనక 7009 అని మొదలయ్యే నంబరు ఉంటుంది, ముందున్న 7009 మిషన్ పేరు. పక్కనే ఆరంకెల సీరియల్‌లో మొదటిది వాచీ తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఈసారి వచ్చినప్పుడు తీసి చదవండి, ఆయన దుబాయి పోయిన ఏడుతో సరిపోతుందో లేదో చూద్దాం.

కొన్నాక రాత్రి తొమ్మిది నుంచి తెల్లారుజామున మూడు, నాలుగింటి మధ్య తేదీ మార్చకండి. ఆ వేళ లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముందుగా గంటల ముల్లు ఆరు దగ్గరికి తెచ్చి, అప్పుడు మార్చండి. ఫోను, స్పీకరు, కరెంటు ఇండక్షన్ పొయ్యి పక్కన వాచీ పెట్టొద్దు. అయస్కాంతం పట్టిందంటే లోపలి వెంట్రుకంత స్ప్రింగు ముడుచుకుని వాచీ ముందుకు పరిగెడుతుంది. భయపడాల్సింది లేదు, మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసే చిన్న డబ్బా ఉంటుంది, క్షణంలో పని.

బిల్లు, వారంటీ కార్డు మీద షాపు స్టాంపు వేయించుకోండి. చైను చేతికి సరిపడా తగ్గించేటప్పుడు తీసిన లింకులు అడిగి మరీ తెచ్చుకోండి, నానమ్మ వంట మరిగి మీ మణికట్టు పెరిగితే మళ్లీ కావాలి.

మీ తాత