ఆన్ బ్రాంటీ ఉత్తరం: సముద్రగాలికి క్షయ తగ్గుతుందా?

1849 ఏప్రిల్ 5న నవలా రచయిత్రి ఆన్ బ్రాంటీ, ఇంటిల్లిపాదికీ ఆప్తురాలైన ఎలెన్ నస్సీకి ఒక ఉత్తరం రాసింది. కాగితం నిండాక దాన్నే అడ్డంగా తిప్పి, రాసిన వరసల మీదే మళ్లీ రాసింది. తనకు తోడుగా సముద్రతీరానికి రమ్మని అడగడమే అందులోని విషయం. ఆన్ వయసు అప్పటికి 29. క్షయ ముదిరిందని జనవరిలోనే డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి చెప్పాడు. అంతకు ముందరి సెప్టెంబరులో అన్న బ్రాన్వెల్, డిసెంబరులో అక్క ఎమిలీ చనిపోయారు. ఇంగ్లాండులోని హావర్త్ అనే ఊళ్లో ఆ ఇంట్లో ఇక మిగిలింది తండ్రి, అక్క షార్లెట్.

చావంటే భయం లేదు కానీ నాన్న కోసం, షార్లెట్ కోసం, లోకానికి కాస్త మంచి చేయడం కోసం బతకాలని ఉందంటుంది ఆన్. ఆ మాటలు చదివితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. నన్ను ఇంకా ఎక్కువగా ఆపేసేవి పక్కనే ఉన్న మామూలు వాక్యాలు. జ్వరం, నొప్పి మునుపటికంటే చాలా తగ్గాయట. కానీ నీరసం పెరిగింది, బాగా చిక్కిపోయింది. దగ్గు రాత్రిళ్లు ఎక్కువ. మెట్లెక్కినా, ఏ కొంచెం శ్రమపడినా ఆయాసం. ఏ డాక్టరూ ఇంతకంటే శుభ్రంగా రాయలేడు.

క్షయలో మనిషి చిక్కిపోయేది సూక్ష్మజీవి కండను తినేయడం వల్ల కాదు. దానితో పోరాడే మన కణాలే టీఎన్ఎఫ్ లాంటి ప్రోటీన్లను వదులుతాయి. అవి ఆకలిని చంపి, కండనీ కొవ్వునీ కరిగిస్తాయి. ఊపిరితిత్తుల్లో కణజాలం చచ్చి గుల్లలు పడేకొద్దీ ఆక్సిజన్ పీల్చుకునే జాగా తగ్గి ఆయాసం వస్తుంది. జ్వరం తగ్గినా ఈ రెండూ పెరుగుతున్నాయంటే జబ్బు వెనక్కి తగ్గట్లేదన్నమాట. అందుకే ఆన్ తొందరపడింది. మే నెల రెండో సగంలో ఎండ కాస్తుంది, జూన్ తరచూ చలిగా, జూలై వానగా ఉంటుందని వాతావరణం కూడా లెక్క చూసుకుంది.

అంత నిశితంగా గమనించే మనిషి చేతికి వైద్యం ఇచ్చిన సిద్ధాంతం మాత్రం తప్పుడుది. వేళకి గాలి మారిస్తే క్షయ దాదాపు తప్పకుండా నయమవుతుంది, ఆలస్యం చేయడం వల్లే చాలామందికి గుణం కనిపించట్లేదు అని డాక్టర్లు చెప్పినట్టు ఆమే రాసింది. ఈ వాదనకు ఓటమే లేదు. రోగి బతికితే గాలి గొప్పతనం, పోతే ఆలస్యంగా వెళ్లడం రోగి తప్పు! అంతకు నూరేళ్ల ముందే, 1750లో, రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు ఒంట్లోని గ్రంథుల (గ్లాండ్స్) జబ్బులకు సముద్రపు నీటిని మందుగా చెబుతూ పుస్తకం రాశాడు. 1791లో ఇంగ్లాండు తీరంలోని మార్గేట్‌లో సముద్రస్నానాల ఆసుపత్రే పుట్టింది.

సముద్రగాలిలో అసలేమీ లేదని కాదు. ఉప్పు తుంపర ఊపిరితిత్తుల్లోని చిక్కటి కఫాన్ని పలచన చేస్తుంది. ఊపిరితిత్తుల్లో కఫం చిక్కగా పేరుకుపోయే పుట్టుజబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో సముద్రంలో సర్ఫింగ్ చేసేవారి ఊపిరి మెరుగ్గా ఉందని ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. గాఢమైన ఉప్పునీటిని ఆవిరిలా పీల్పించి చూస్తే నిజంగానే మేలు జరిగిందని 2006లో ప్రచురించారు. అయితే అది కఫానికి సంబంధించిన చికిత్స. క్షయ బాక్టీరియా మైనపు పొర కప్పుకుని మన రక్షణ కణాల లోపలే దాక్కుంటుంది. ఉప్పుగాలి దాన్నేమీ చేయలేదు. దాన్ని చంపగల మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు.

ఆన్ మే 25న సముద్రతీరపు ఊరు స్కార్‌బరో చేరింది. 28న అక్కడే కన్నుమూసింది. ఆలస్యం చేయకుండా ఏప్రిల్‌లోనే వెళ్లి ఉంటే బతికేదా? ఎంత ముందు వెళ్లినా, గాలి చేసే పని అదే.

ఇది అంటువ్యాధి అన్న ఆలోచన కూడా ఆ రోజుల్లో ఇంగ్లాండులో బలంగా లేదు. వంశంలో వచ్చే బలహీనతగానే చూసేవారు. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న క్షయ బాక్టీరియాను చూపించాకే సంగతి తేలింది. అంటువ్యాధే అయినా, సోకినవారిలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి 5 నుంచి 10 మందే. రైల్లో, బసలో చివరిదాకా ఆన్ పక్కనే ఉన్న ఎలెన్ 1897 దాకా బతికింది.