చెయ్యి వణికితే వెల్డింగ్ రాదా? కొత్తవాళ్ల అపోహలు – వాస్తవాలు

గాజువాకలో మా షాపుకి ఏటా నలుగురైదుగురు కుర్రాళ్లు పని నేర్చుకుంటామని వస్తారు. కొందరు ఐటీఐ వెల్డర్ ట్రేడ్ పూర్తి చేసినవాళ్లు. కొందరు పదో తరగతి దగ్గర ఆగిపోతే మావయ్యో బాబాయో తెచ్చి మాకు అప్పగించినవాళ్లు. ఎవరు వచ్చినా మొదటి వారం అవే మాటలు. వాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే. కొన్నేళ్లు షట్‌డౌన్ పనులకి (ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతులకి) తిరిగాను, ఇప్పుడు గేట్లు, గ్రిల్స్, షెడ్లు చేసుకుంటున్నాను. నాకు అర్థమైనంతవరకు ఈ అపోహలన్నీ ఒక దగ్గరే పుడుతున్నాయి. కొత్తవాడు మెరుపు చూస్తాడు, నిప్పురవ్వలు చూస్తాడు, చివర్లో పైపైన మెరిసే రన్, అంటే అతుకు గీత, చూస్తాడు. కరిగే ఇనుముని మాత్రం చూడడు.

అపోహ: చెయ్యి వణికేవాడికి వెల్డింగ్ రాదు

చెయ్యి అందరికీ వణుకుతుంది. దేనికీ ఆనకుండా పట్టుకుంటే నాకూ వణుకుతుంది. జానెడున్నర పొడవున్న రాడ్ కొసని మూడు మిల్లీమీటర్ల ఎత్తులో గాల్లో నిలపడం ఎవరి తరమూ కాదు. అందుకే మోచెయ్యి బల్లకో డొక్కకో ఆనించాలి. హెల్మెట్ పెట్టుకుంటే ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది, దాంతో కుడి మణికట్టు పట్టుకోవాలి. కేబుల్ బరువు చేతి మీద పడకుండా భుజం మీదుగానో తొడ మీదుగానో వేసుకోవాలి. మెషిన్ ఆన్ చేయకముందే గీత మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూసుకోవాలి. మధ్యలో మోచెయ్యి ఎక్కడ తగులుకుంటుందో అప్పుడే తెలిసిపోతుంది. మొదటి రోజుల్లో సగం కాలిన రాడ్లే మా కుర్రాళ్లకి ఇస్తాను. పొట్టి రాడ్ చెప్పిన మాట వింటుంది.

చెయ్యి కుదిరాక చూపు సంగతి. అద్దంలోంచి చూస్తే రాడ్ కొస వెనకాల చిన్న మడుగు కనబడుతుంది. కరిగిన ఇనుము నున్నగా అద్దంలా ఉంటుంది. దాని వెనకే స్లాగ్, అంటే రాడ్ పైపూత కరిగి తేలే మడ్డి, పాల మీద మీగడలా ముడతలు పడుతూ వస్తుంది. ఈ రెండూ వేరువేరుగా కనబడిన రోజు సగం పని వచ్చినట్టే. స్లాగ్ ఎప్పుడూ రాడ్ వెనకే రావాలి. ముందుకు దూకిందంటే దాని మీదే ఇనుము పోస్తున్నారన్నమాట. అప్పుడు రాడ్‌ని మీరు వెళ్లే వైపు ఇంకాస్త వాల్చండి, ఆర్క్ (రాడ్ కొసకీ ప్లేట్‌కీ మధ్య మెరుపు) కురచ చేయండి. అప్పటికీ ఆగకపోతే ఐదారు ఆంపియర్లు పెంచండి.

అపోహ: కరెంటు ఎంత పెంచితే అతుకు అంత గట్టిది

షాపులో అందరూ వాడే 6013 రాడ్ లెక్కలు సుమారుగా ఇవి. 2.5 మిల్లీమీటర్ల రాడ్, అంటే 12 నంబర్‌కి, 60 నుంచి 90 ఆంపియర్లు. 3.15కి, అంటే 10 నంబర్‌కి, 90 నుంచి 130. 4 మిల్లీమీటర్ల రాడ్‌కి 140 నుంచి 180. ప్యాకెట్ మీద కంపెనీవాళ్లు వేసిన అంకెలే చివరి మాట. ఆ ప్యాకెట్ చదివేవాడు పదిమందిలో ఒకడు కూడా కనబడలేదు నాకు.

కరెంటు ఎక్కువైతే సగం కాలేసరికే రాడ్ ఎర్రబడిపోతుంది, పైపూత పగులుతుంది, రవ్వలు చెల్లాచెదురుగా ఎగురుతాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం రన్ అంచున పడే గాడి. అండర్‌కట్ అంటాం. అక్కడ ప్లేట్ మందం తగ్గిపోతుంది, బరువు పడితే ముందు విరిగేది అక్కడే. తక్కువైతే రాడ్ అతుక్కుంటుంది, ఇనుము ప్లేట్‌లోకి దిగకుండా పైన ముద్దలా కూర్చుంటుంది. సరిగ్గా ఉన్నప్పుడు నూనెలో వడలు వేగుతున్నట్టు ఒకే తీరు చప్పుడు వస్తుంది.

రాడ్ అతుక్కుంటోందని కొత్తవాళ్లు చేసే పని ఒకటుంది, రాడ్‌ని పైకి ఎత్తడం. ఆర్క్ పొడవైపోయి గాలి లోపలికి దూరుతుంది, రవ్వలు పెరుగుతాయి, రన్‌లో చిల్లులు పడతాయి. రాడ్ లోపలి తీగ ఎంత మందమో అంతే దూరం ఉంచండి. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెలగగానే ఆ ఎత్తులో నిలబెట్టండి. అయినా అతుక్కుంటుంటే మెషిన్‌ని తిట్టేముందు ప్లేట్‌కి తగిలించే ఎర్త్ క్లాంప్ చూడండి. నూటికి తొంభై సార్లు పెయింట్ మీదో తుప్పు మీదో పెట్టి ఉంటారు.

అపోహ: స్లాగ్ దానంతట అదే ఊడి, రన్ చేప పొలుసుల్లా వస్తే అతుకు అదిరిపోయినట్టే

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇంటి మెట్ల దగ్గర్నుంచి ట్రాలీ హుక్కుల దాకా మోసం చేసేది ఇదే.

పోయినేడు ఒక కుర్రాడు నెల తిరక్కుండానే రన్ అందంగా లాగడం మొదలెట్టాడు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. “బాబాయ్, ఇక గేటు పని ఇచ్చేయండి” అన్నాడు. “ముందు దీన్ని విరగ్గొట్టు” అన్నాను. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ ముక్కలు రెండు. ఒకటి పడుకోబెట్టి, రెండోది దాని మీద ‘టీ’ ఆకారంలో నిలబెట్టి, ఒక పక్కే ఒక రన్ వేశాడు. చల్లారాక కింది ముక్కని వైస్‌లో బిగించి, వెల్డింగ్ లేని వైపు నుంచి సుత్తితో కొట్టమన్నాను. అలా కొడితే నిలువు ముక్క వెల్డింగ్ మీదికి వాలి, లోపలి మూల తెరుచుకుంటుంది. రెండో దెబ్బకే ఊడి కింద పడింది.

తిప్పి చూస్తే, కింది ప్లేట్ మీద కొలత కోసం గీసిన సుద్ద గీత అలాగే ఉంది. రన్ కిందుగా వెళ్లిన గీత చెక్కుచెదరలేదు. ఇనుము మొత్తం నిలువు ముక్కకే అంటుకుంది, కింది ప్లేట్ మీద ఊరికే ఒరిగి పడుకుందంతే. కారణాలు రెండు. కరెంటు 85 దగ్గర పెట్టాడు, 10 నంబర్ రాడ్‌కి అది చాలదు. రాడ్ నిలువు ముక్క వైపే చూస్తోంది. టీ జాయింట్‌లో రాడ్ రెండు ముక్కల మధ్య సరిగ్గా 45 డిగ్రీల్లో ఉండాలి, వెళ్లే దిక్కుకి 10–15 డిగ్రీలు వాలాలి.

మీరూ వారానికి రెండు ముక్కలు విరగ్గొట్టి చూడండి. విరిగిన చోటంతా బూడిదరంగులో గరుగ్గా ఉంటే కలిసినట్టు. మూలలో నల్ల గీత ఉంటే లోపల స్లాగ్ చిక్కుకుంది. సన్న చిల్లులుంటే తేమో, తుప్పో, పొడవాటి ఆర్కో. ప్లేట్ అంచు కోసినప్పటి పదునుతోనే ఉంటే అది అసలు కరగలేదు. విరక్కుండా మడత పడిపోయిందంటే ఆ రోజు టీ నా ఖర్చు, మా షాపులో అదే పద్ధతి.

అపోహ: 7018 గట్టి రాడ్, కాబట్టి దేనికైనా అదే వాడాలి

మొదట్లో ఉండే 60, 70 అన్న అంకెలు వెల్డ్ లోహం చదరపు అంగుళానికి కనీసం ఎన్ని వేల పౌండ్ల లాగుడు తట్టుకోవాలో చెప్తాయి. మూడో అంకె 1 అంటే పడుకున్నది, నిలువు, నెత్తి మీద అన్ని పొజిషన్లలోనూ వాడొచ్చని. చివరి అంకె పైపూత రకం, ఏ కరెంటు మీద నడుస్తుందన్నది. గేటుకి, గ్రిల్‌కి 6013 చాలు. కొత్తవాళ్లకి తేలిగ్గా అంటుకుంటుంది, స్లాగ్ సులువుగా పోతుంది. 7018ని మళ్లీ వెలిగించాలంటే కొసన గాజులాంటి పొర కట్టి ఏడిపిస్తుంది.

అసలు చిక్కు తేమ. 7018 తక్కువ హైడ్రోజన్ రాడ్. దాని పైపూత తేమ పీల్చుకుంటే ఆ పేరుకి అర్థమే లేదు. నీటిలోని హైడ్రోజన్ వెల్డింగ్‌లోకి చేరి, చల్లారాక, ఒక్కోసారి మర్నాటికి పగులు తెస్తుంది. మా విశాఖ గాలి సంగతి తెలిసిందే, తెరిచిన ప్యాకెట్ బయట పెడితే అంతే సంగతులు. “ఎండలో పెట్టాంలే మేస్త్రీ” అంటారు. ఎండకి ఎండేవి ఒడియాలు. ఈ రాడ్లని కంపెనీ చెప్పినట్టు 250–350 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు కాల్చి, పని జరిగినంతసేపూ వేడి డబ్బాలో ఉంచుకోవాలి. 6013కి అంత హంగామా అక్కర్లేదు, మూత గట్టిగా ఉన్న డబ్బా చాలు. మేమైతే పాడైన ఫ్రిజ్‌లో బల్బు వెలిగించి ఉంచుతాం. 6010 లాంటి సెల్యులోజ్ (చెట్ల నార పదార్థం) పైపూత ఉన్న రాడ్లని మాత్రం ఓవెన్‌లో పెట్టి కాల్చొద్దు, వాటికి కొంత తేమ ఉండాల్సిందే.

అపోహ: ట్యాక్ (ముక్కలు కదలకుండా వేసే చుక్క అతుకు) వేసేటప్పుడు కళ్లు మూసుకుంటే చాలు

నేను హెల్పర్‌గా చేరిన మొదటి నెల ముక్కలు పట్టుకోవడమే నా పని. మేస్త్రి “మూసుకో” అనగానే కళ్లు మూసేవాణ్ని. ఆర్క్ వెలిగాకే కన్ను మూతపడుతుందని, పక్క గోడకి కొట్టిన సున్నం కూడా ఆ వెలుగుని తిప్పి కొడుతుందని అప్పుడు తెలీదు. రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టుంది. మా అమ్మ బంగాళాదుంప ముక్కలు కోసి పెట్టింది. పక్కింటావిడ చనుబాలు చుక్కలు వేయమంది. చల్లదనానికి కాస్త హాయిగా అనిపించడం తప్ప దుంప చేసేదేమీ లేదు, పాలైతే కంట్లోకి క్రిములు తెచ్చే ప్రమాదం.

అల్ట్రావయొలెట్ కిరణాలకి కంటి పైపొర కమిలిపోతుంది. కొన్ని గంటల తర్వాతే మంట మొదలవుతుంది, ఎక్కువగా ఒకట్రెండు రోజుల్లో మానుతుంది. కంటి డాక్టర్‌కి చూపించుకోండి. మందుల షాపులో తిమ్మిరెక్కించే చుక్కలు కొనుక్కుని మాటిమాటికీ వేసుకోవద్దు, నొప్పి తెలీదుగానీ మానడం ఆలస్యమవుతుంది, కన్ను దెబ్బతినొచ్చు. 10 నంబర్ రాడ్‌తో పనికి 10 లేదా 11 షేడ్ (నలుపు స్థాయి) అద్దం కావాలి. సంతలో అమ్మే నల్ల కళ్లజోడు, గ్యాస్ వెల్డింగ్ గాగుల్స్ దీనికి పనికిరావు. హెల్పర్‌కి కూడా స్క్రీన్ ఇవ్వాలి.

అపోహ: పాలు తాగినా బెల్లం తిన్నా లోపలి పొగ కడుక్కుపోతుంది

పాలు పోయేది పొట్టలోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. జీఐ (జింక్ పూత పూసిన) పైపు వెల్డ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తే అది జింక్ పొగ వల్ల. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుందని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ పొగని మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. అతుకు పడే చోట జింక్ పూత గ్రైండర్‌తో తీసేయండి, ఆ దుమ్ముకీ మాస్క్ ఉండాలి. ఫ్యాన్ పక్కనుంచి పెట్టుకోండి. తల పొగ దారిలోంచి తప్పించండి. ఇవన్నీ చేశాక పాలు తాగుతానంటే మీ ఇష్టం.

అపోహ: వెల్డింగ్ కరెంటు షాక్ కొట్టదు

ఆర్క్ వెలగనప్పుడు రాడ్ బిగించే హోల్డర్ దగ్గర 60–80 వోల్టులు ఉండొచ్చు. చెమటతో తడిసిన చొక్కా, తడి ప్లేట్ మీద కూర్చోవడం, చిరిగిన గ్లౌజ్ ఈ మూడూ కలిస్తే ప్రాణం పోవచ్చు. పొడి గ్లౌజ్ వేసుకోండి, కింద చెక్క వేసుకోండి, రాడ్ చంకలో పెట్టుకోవద్దు.

అపోహ: మంచి మెషిన్ కొంటే పని దానంతట అదే వస్తుంది

ఇన్వర్టర్ మెషిన్‌తో నేర్చుకోవడం తేలికే, కాదనను. కానీ డయల్ మీద 200 అని ఉన్నంత మాత్రాన పొద్దస్తమానం 200 ఇవ్వదు. 60 శాతం డ్యూటీ సైకిల్ అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆ కరెంటు మీద పని, మిగతా నాలుగు విశ్రాంతి. ఊళ్లలో సన్న వైరు ఎక్స్‌టెన్షన్ యాభై మీటర్లు లాగి, మెషిన్ బాలేదని షాపుకి పట్టుకొస్తారు. తప్పు వైరుది.

అపోహ: ఫ్లాట్‌లో (పడుకోబెట్టిన ప్లేట్ మీద) బాగా వస్తోంది కదా, ఇక గల్ఫ్ వెళ్లిపోవచ్చు

పైపు ఉద్యోగాలకి ట్రేడ్ టెస్ట్‌లో తరచుగా అడిగేది 6జీ. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, తిప్పడానికి లేదు. కింద, పక్క, నెత్తి మీద అన్నీ ఒకే జాయింట్‌లో వస్తాయి. చాలాచోట్ల రూట్ (అడుగు పొర) టిగ్‌తో (గ్యాస్ రక్షణలో టంగ్‌స్టన్ కొసతో చేసే వెల్డింగ్), మిగతాది 7018తో వేయమంటారు, తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్కలు కోసి వంచి చూస్తారు. ఫ్లాట్ తర్వాత టీ, ఆ తర్వాత అడ్డం, నిలువు, ఓవర్‌హెడ్ ఇలా ఒక్కోటి గడిచాకే పైపు పట్టండి.

అందరూ ఆగిపోయేది నిలువు దగ్గర. కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు కరెంటు పది శాతం తగ్గించండి, రాడ్ కొస కాస్త పైకి చూడనివ్వండి. రెండు అంచుల దగ్గర ఒక్కో క్షణం ఆగి, మధ్యలోంచి గబుక్కున దాటేయండి. మధ్యలో ఆగితే ఇనుము పొట్టలా ఉబ్బి కిందికి జారుతుంది. కొత్త ప్లేట్ కొని ప్రాక్టీస్ చేయొద్దు, ఫ్యాబ్రికేషన్ షాపుల్లో కోసి పడేసిన ముక్కలు తూకానికి ఇస్తారు. ఐదు మిల్లీమీటర్లకి తక్కువ మందం తీసుకోకండి. పల్చటివి వేడెక్కిపోయి, తప్పు మీ చేతిదో ప్లేట్‌దో తెలియనివ్వవు.