బురదలో పేలిన తుపాకీ

చిరంజీవులకు ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల తుపాకీ ఎంత దూరం కొట్టేదని అడిగారు. కందకంలో ఉన్నవాడికి అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: బురద పడ్డాక అది పేలుతుందా, పేలదా? బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దులోని ఫ్లాండర్స్‌లో కాస్త తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. మోకాలి లోతు బురదలోనే కాపలా.

1914లో ఫ్రాన్స్‌కు వెళ్లిన లాహోర్, మీరట్ డివిజన్ల మన సిపాయిలు అక్కడ పట్టింది లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మన పోలీసుల దగ్గర చాలాకాలం ఉన్న త్రీ నాట్ త్రీ దీని వంశమే. గొట్టం లోపలి కొలత .303 అంగుళం, బరువు దాదాపు 4 కిలోలు, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, 10 తూటాలు. ఐదేసి తూటాల క్లిప్పులు రెండు పైనుంచి నొక్కితే నిండుతుంది. తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక పడిందా, బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి వెనక మూసే కడ్డీ) పైదాన్ని నెట్టగానే కిందిది అడ్డం పడి రెండూ ఇరుక్కుంటాయి. అందుకే చీకట్లో చేత్తో తడిమి నింపడం కూడా నేర్పేవారు.

కెనడా సైన్యం తెచ్చుకున్న రాస్ రైఫిల్ సంగతి వినండి. గురి చూస్తే లీ-ఎన్‌ఫీల్డ్ కంటే మేలు. బోల్టు తిప్పక్కర్లేదు, తిన్నగా వెనక్కి లాగితే చాలు. కానీ తూటా కూర్చునే గది మరీ బిగుతు. బ్రిటన్‌లో చేసిన తూటాలు కొలతలో ఒక వెంట్రుకవాసి లావైనా అందులో పట్టేసేవి. వరసగా కాల్చి వేడెక్కితే ఇక బోల్టు కదలదు, బూటుకాలితో తన్నాల్సిందే. బోల్టు విప్పి తప్పుగా బిగిస్తే సరిగా లాక్ పడదు. అప్పుడు కాలిస్తే అది వెనక్కి ఎగిరొచ్చి కాల్చినవాడి ముఖానికే తగలొచ్చు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర జరిగిన పోరులో ఎంతోమంది కెనడా సిపాయిలు రాస్‌లు పారేసి, చనిపోయిన బ్రిటిష్ సిపాయిల లీ-ఎన్‌ఫీల్డ్‌లు అందుకున్నారు. ఆ కుర్రాళ్ల ప్రాణాల మీదికి తెచ్చిన ఆ తుపాకీని 1916లో గానీ పూర్తిగా మార్చలేదు. ఇది క్షమించరాని ఆలస్యమని నా అభిప్రాయం. దూరం నుంచి మాటేసి గురిచూసి కొట్టే స్నైపర్లు మాత్రం రాస్‌ను వదల్లేదు. తూటాలు ఏరుకుని, తుపాకీని శుభ్రంగా ఉంచుకునే వీలు వాళ్లకుంది.

లీ-ఎన్‌ఫీల్డ్‌లో గది కాస్త వదులు. కొంచెం మట్టి చేరినా పని సాగేది. బోల్టును పట్టి ఉంచే లగ్గులు (చిన్న మొనలు) వెనకవైపు ఉంటాయి కాబట్టి తుడవడం తేలిక, లాగే దూరమూ తక్కువ. బాగా తర్ఫీదు పొందినవాడు నిమిషానికి 15 సార్లు గురిచూసి కాల్చేవాడు.

అలాగని దానికి సేవ తక్కువేం కాదు. అప్పటి తూటా పేలితే గొట్టంలో ఉప్పు మిగులుతుంది. అది తేమను లాగి తుప్పు పట్టిస్తుంది. నూనె ఒక్కటే రాస్తే ఆ ఉప్పు పోదు. ముందు మరిగే నీళ్లు పోయాలి, తర్వాత తాడుకు గుడ్డముక్క కట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగి ఆరబెట్టాలి, చివర నూనె. నూనె సీసా, ఆ తాడు తుపాకీ మడమలో చేసిన చిన్న అరలోనే ఉండేవి. బోల్టు చుట్టూ కాన్వాస్ తొడుగు కట్టేవారు. గొట్టం మూతిలో మట్టి కూరుకుంటే మాత్రం పొరపాటున కూడా కాల్చకూడదు: గుండు వెళ్లే దారి మూసుకుని ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలిపోతుంది.

మీ తాతయ్య